వసారాలున్న ఆకాశహర్మ్యం



కాంచనగంగ అనగానే మనకు హిమాలయ శిఖరం గుర్తుకొస్తుంది. ఎత్తు 8,586 మీటర్లు. భూగోళం పాఠంలో పిల్లలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే సంఖ్య అది. అదే పేరుతో ముంబయిలో ఒక మేడ ఉంది. అక్కడి వాళ్లు కాంచన్‌జంగా అంటారు. ఎత్తు 84 మీటర్లు, అంటే సుమారు 275 అడుగులు. శిఖరంలో ఇంచుమించు నూరోవంతు. దక్షిణ ముంబయిలో పెడ్డర్ రోడ్డు దగ్గర, కంబాలా హిల్ అనే గుట్ట మీద, 28 అంతస్తులతో తెల్లని నిలువు స్తంభంలా కనిపిస్తుంది. మూలల్లో మాత్రం ఎవరో కత్తితో కోసి ముక్కలు తీసేసినట్టు పెద్ద పెద్ద ఖాళీలు ఉంటాయి. 1970లో తలపెట్టిన ఈ కట్టడం 1983లో పూర్తయింది. అందులో ఉన్నవి 32 ఇళ్లే.

అంతకు మూడింతల ఎత్తు మేడలు ఇప్పుడు ముంబయిలో ఉన్నాయి. కలవారి ఇళ్ల సంగతి మనకెందుకు అని కూడా ఎవరైనా అడగవచ్చు. అయితే ఆ మేడ కట్టినవాళ్లు తమకు తాము వేసుకున్న ప్రశ్న కలవారిది మాత్రమే కాదు. గాలి రావాలి, ఎండ రాకూడదు, వాన లోపలికి కొట్టకూడదు. పూరింటి యజమానికైనా, పెంకుటింటి యజమానికైనా ఉండే ప్రశ్నే అది. దానికి వాళ్లు వెతుక్కున్న జవాబు కూడా మన ఇళ్ల ముందు ఉండేదే.

ముందుగా ఆ నేల తీరు గమనించండి. పాత బొంబాయి ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నని భూభాగం. పడమర అరేబియా సముద్రం, తూర్పున ఓడరేవు ఉన్న సముద్రపు పాయ. చల్లగాలి పడమటి సముద్రం మీదుగా వస్తుంది. కంటికి ఇంపైన దృశ్యం పడమరనా ఉంది, తూర్పునా ఉంది. కనుక ఇల్లు కట్టుకునేవాడు ఆ రెండు దిక్కులకే కిటికీలు పెట్టుకోవాలని చూస్తాడు.

చిక్కు కూడా అక్కడే వస్తుంది. మన దేశంలో తూర్పు పడమర గోడలంత వేడెక్కేవి వేరే లేవు. మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి చూరు రెండడుగులు ముందుకు దించితే చాలు, నీడ దొరుకుతుంది. పొద్దున, సాయంత్రం సూర్యుడు కిందికి వాలి ఉంటాడు. చూరు కింద నుంచి దూరి నేరుగా గదిలోకి వచ్చేస్తాడు. అప్పుడు కిటికీ మీద పెట్టిన చిన్న సన్‌షేడు దేనికీ పనికిరాదు. ఇక జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాలు. బొంబాయి వాన నిటారుగా పడదు, ఏటవాలుగా కొడుతుంది. చల్లగాలి ఏ దిక్కు నుంచి వస్తుందో వాన జల్లు కూడా ఆ వైపు నుంచే వస్తుంది. కిటికీ తెరిస్తే పరుపులు తడుస్తాయి, మూస్తే ఉక్కపోత.

పాతకాలపు బొంబాయి బంగళాలలో దీనికి ఒక ఉపాయం ఉండేది. అసలు గదులను లోపల పెట్టి వాటి చుట్టూ వరండా తిప్పేవారు. ఎండ వరండా దాకా వచ్చి ఆగిపోతుంది. జల్లు వరండా బండలను తడిపి ఊరుకుంటుంది. గాలి మాత్రం వరండా దాటి, కాస్త చల్లబడి, గదుల్లోకి వస్తుంది. మరాఠీలో దీన్ని ఓసరి అంటారు, మనం వసారా అంటాం. రెండు భాషలూ ఇంట్లో వాడుకునే మాబోటి వాళ్లకు ఆ రెండు మాటలకూ ఏదో చుట్టరికం ఉన్నట్టే వినిపిస్తుంది. వసారా ఎండాకాలం రాత్రి పడకగది, వానాకాలం పగలు పిల్లల ఆటస్థలం, అన్ని కాలాల్లోనూ వచ్చినవాళ్లు కూర్చునే చోటు. ఇంటికీ వీధికీ మధ్య ఉండే ఆ ఆరేడు అడుగుల జాగా లేకపోతే వేడి దేశంలో ఇల్లు అనేది ఒక పెట్టె మాత్రమే.

స్వాతంత్ర్యం వచ్చాక బొంబాయిలో నేల ధర పెరిగింది. గుట్ట మీది బంగళాలు ఒక్కొక్కటే పడిపోయి వాటి స్థానంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. అప్పుడు పోయిన వాటిలో మొదటిది వసారా. నాలుగడుగుల బాల్కనీ ఒకటి వేలాడదీసి, ఇదే వసారా అనుకోమన్నారు. కొన్నాళ్లకు ఆ బాల్కనీకి కూడా కిటికీలు బిగించి గదిలో కలుపుకోవడం మొదలైంది. ముంబయిలో ఏ వీధిలో తలెత్తి చూసినా ఆ పని కనిపిస్తుంది. దాన్ని తప్పు పట్టలేం. మంచం వేసుకునే చోటు లేనివాడు బాల్కనీని ఎందుకు వదులుతాడు?

వసారాను మళ్లీ ఇంటికి తేవాలని, అదీ 28 అంతస్తుల ఎత్తుకు ఎక్కించాలని చూసిన వాస్తుశిల్పి పేరు చార్లెస్ కొరియా. ఆయన పుట్టింది సికిందరాబాదులో, 1930 సెప్టెంబరు 1న. గోవా మూలాలున్న కుటుంబం. బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలోనూ, తర్వాత అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలోనూ, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోనూ చదివి, బొంబాయి తిరిగివచ్చి 1958లో సొంతంగా వృత్తి ప్రారంభించాడు. సబర్మతిలోని గాంధీ స్మారక సంగ్రహాలయం ఆయన తొలి కట్టడాల్లో ఒకటి. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కార్యాలయ భవనం 1960ల చివర్లో ఆయన కట్టినదే. మేడ మీద పందిరి వేసి, ఎండను ముందే అడ్డుకుని, గదులను చల్లగా ఉంచాలన్న ప్రయత్నం అక్కడ కనిపిస్తుంది. ఏ కట్టడం తీసుకున్నా ఆయన ఆలోచన ఆకాశం దగ్గర మొదలయ్యేది. ఎండ ఎటు నుంచి, గాలి ఎటు నుంచి అనేది తేలాకే గోడ గీసేవాడు.

కాంచన్‌జంగాలో ఆయనతో పాటు పనిచేసిన వాస్తుశిల్పి ప్రవీణా మెహతా. కట్టడపు బలాబలాలు లెక్కకట్టిన ఇంజనీరు శిరీష్ పటేల్. ఈ ముగ్గురి పేర్లూ గుర్తుంచుకోండి. ఇంకో పెద్ద పనిలో కూడా వీరే కలిసి కనిపిస్తారు.

మేడ నేల మీద ఆక్రమించింది 21 మీటర్ల చదరం. పొడవూ వెడల్పూ ఒకటే. ఎత్తు దానికి సరిగ్గా నాలుగింతలు, 84 మీటర్లు. లెక్కల మాస్టారు గీసినట్టుండే ఈ కొలతల లోపల ఏర్పాటు మాత్రం అంత సులువైనది కాదు. మూడు పడకగదుల నుంచి ఆరు పడకగదుల దాకా నాలుగు రకాల ఇళ్లు ఉన్నాయి. ఒక ఇంటి మీద ఇంకో ఇల్లు ఇటుకల్లా పేర్చినట్టు కాకుండా, రెండు చేతుల వేళ్లు అల్లుకున్నట్టు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఒకే ఇంట్లో కొన్ని గదులు ఒక మట్టంలో, కొన్ని నాలుగు మెట్లు పైన. ప్రతి ఇల్లూ తూర్పు అంచు నుంచి పడమటి అంచు దాకా సాగుతుంది. పడమటి గాలి ఒక వైపు వచ్చి, ఇల్లంతా తిరిగి, రెండో వైపు పోతుంది. గాలి రావడానికి ఒక్క కిటికీ సరిపోదు, పోవడానికి కూడా దారి ఉండాలి. పల్లెటూరి మేస్త్రీ వీధి తలుపుకు ఎదురుగా పెరటి తలుపు పెట్టినప్పుడు చేసింది ఇదే.

ఇక మూలల్లో కనిపించే ఖాళీలు ఉన్నాయే, అవే వసారాలు. రెండంతస్తుల ఎత్తున తెరిచి ఉన్న మిద్దెతోటలు. అక్కడ మట్టి పోసి మొక్కలు పెంచుకోవచ్చు, కుర్చీ వేసుకుని సముద్రం చూడవచ్చు. అసలు గదులు వాటి వెనకాల, ఎండకూ జల్లుకూ అందనంత లోపల ఉంటాయి. మిగిలిన తెల్లగోడల్లో కిటికీలు తక్కువ, చిన్నవి. బయటి నుంచి చూసేవాడికి మేడ మూసుకుపోయినట్టు కనబడుతుంది. లోపల ఉన్నవాడికి మూల మొత్తం ఆకాశానికి తెరుచుకుని ఉంటుంది. నాకు ఈ మేడలో నచ్చేది ఇదే. చూసేవాళ్ల కోసం కాకుండా ఉండేవాళ్ల కోసం గీసిన ముఖం అది. 1970ల్లో విలాసం అనే మాటకు అర్థం ఇదన్నమాట. పాలరాయీ, బంగారు పూతా కాదు. ఫ్యాను కట్టేసినా చెమట పట్టని గది.

కాగితం మీద గీయడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు. మేడకు బలం ఎక్కడ ఉంటుంది? సాధారణంగా మూలల్లో. నాలుగు మూలలా నాలుగు స్తంభాలు పాతి మిగతా పని మొదలుపెడతాం. ఇక్కడ కొరియా ఆ మూలలనే ఖాళీ చేయమన్నాడు. పైగా ఆ వసారాల అరుగులు 6.3 మీటర్లు, అంటే 20 అడుగులకు పైగా, కింద స్తంభం లేకుండా గాలిలోకి చాచి ఉండాలి. అంత ఎత్తున మేడ మీద పడే గాలి తోపుడు కూడా తక్కువది కాదు. మేడ బరువు కిందికి నొక్కుతుంది, గాలి పక్కకు తోస్తుంది. రెండో దాన్ని తట్టుకోవడమే ఎత్తైన కట్టడాల్లో అసలు సమస్య.

జవాబు మేడ నడిమధ్యన దొరికింది. లిఫ్టులు తిరిగే చోట చుట్టూ దళసరి కాంక్రీటు గోడలతో ఒక నిలువు గొట్టం లాంటిది కట్టారు. గొడుగుకు కాడ ఎలాగో ఈ మేడకు అది అలాగ. గాలి తోపుడును ముఖ్యంగా అదే మోస్తుంది. చుట్టూ ఉన్న ఇళ్ల కన్నా ముందే, దాన్ని ఒక్కదాన్నే పైకి లేపారు. వాడిన పద్ధతి పేరు స్లిప్‌ఫారం. మనం మామూలుగా సెంట్రింగు పలకలు బిగించి, కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక పలకలు విప్పి, మళ్లీ పైన బిగిస్తాం. స్లిప్‌ఫారంలో విప్పడమనేది లేదు. నాలుగడుగుల ఎత్తు అచ్చు ఒకటి గోడ చుట్టూ బిగిస్తారు. జాకీలు దాన్ని కొద్దికొద్దిగా పైకి జరుపుతూ ఉంటాయి. పైన తడి కాంక్రీటు పోస్తూ ఉంటే, కింద అచ్చు వదిలిన గోడ అప్పటికి తన బరువు తాను మోసేంత గట్టిపడి ఉంటుంది. ఇలాంటి పనిలో గోడ గంటకు జానెడు, రెండు జానల చొప్పున లేస్తుంది. పని మధ్యలో ఆపితే కాంక్రీటు అచ్చుకు పట్టేస్తుంది, అతుకు పడుతుంది. అందుకని పగలూ రాత్రీ వంతులవారీగా పని సాగవలసిందే. ధాన్యం నిల్వచేసే పెద్ద గాదెలకూ, ఫ్యాక్టరీ పొగగొట్టాలకూ ఈ పద్ధతి వాడేవారు. మన దేశంలో ఇళ్లున్న మేడకు వాడటం అప్పటికి కొత్త.

పదమూడేళ్లు పట్టింది. ఆ రోజుల్లో సిమెంటు అంటే రేషను సరుకు. ప్రభుత్వం కేటాయిస్తే తప్ప దొరికేది కాదు. ఇంటికి పది బస్తాలు కావాలన్నా అర్జీ పెట్టుకున్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1982లో గాని ఆ నియంత్రణ పాక్షికంగానైనా సడలలేదు. మహారాష్ట్రలో ఒక ముఖ్యమంత్రి ఆ సంవత్సరం జనవరిలో పదవి వదులుకున్నది సిమెంటు కేటాయింపుల గొడవలోనే. అదే నెల 18న బొంబాయి బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. రెండు లక్షలకు పైగా కార్మికులు పని మానేశారు. వాళ్లలో వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో కాపురమున్న మన తెలుగు పద్మశాలీలు కూడా ఉన్నారు. ఒక పక్క మిల్లు సైరన్లు ఆగిపోయాయి, మరో పక్క గుట్ట మీద తెల్ల మేడ పూర్తవుతోంది. ఊరు మారిపోతున్న ఘడియ అది.

బొంబాయి కట్టడాలకూ తెలుగువారికీ సంబంధం ఇంకా పాతది. నిజాం ఇలాకా నుంచి వలస వచ్చి రాళ్లు మోసి, గోడలు లేపిన కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు. కామాఠీపురా అనే పేట పేరు వారి వల్ల వచ్చినదే. ఆ పేట పేరు చెప్పగానే ఇప్పుడు జనానికి వేరే సంగతులు తడతాయి. అసలు అర్థం గుర్తుచేసుకునేవాళ్లు తక్కువ. తర్వాతి కాలంలో పాలమూరు కూలీలు ఆనకట్టల దగ్గరికీ, రోడ్ల పనులకూ, మేడల పనులకూ దేశమంతా తిరిగారు. తట్ట పట్టుకుని ఇరవయ్యో అంతస్తు దాకా ఎక్కినవాడు పని పూర్తయిన మర్నాడు అదే గేటు దగ్గర ఆగిపోతాడు. చరిత్ర పుస్తకాల్లో వాస్తుశిల్పి పేరు ఉంటుంది, ఇంజనీరు పేరు కూడా అప్పుడప్పుడు ఉంటుంది.

ఇందాక ముగ్గురి పేర్లు గుర్తుంచుకోమన్నాను. కాంచన్‌జంగాకు ఐదారేళ్ల ముందు, 1964-65లో, కొరియా, ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్ కలిసి ప్రభుత్వానికి ఒక సూచన చేశారు. 1965లో మార్గ్ పత్రిక దాన్ని వివరంగా అచ్చువేసింది. బొంబాయి ఉత్తర దక్షిణాలుగా సాగిపోతోంది, పొద్దున అందరూ దక్షిణానికి, సాయంత్రం అందరూ ఉత్తరానికి రైళ్లలో వేలాడుతున్నారు, ఇలా కాదు, ఊరిని తూర్పుకు తిప్పండి, ఓడరేవు పాయ అవతల ఇంకో నగరం కట్టండి అన్నారు. మేడలో ఇళ్లను ఏ దిక్కులకు పరిచారో ఊరిని కూడా ఆ దిక్కులకే పరవమన్నారు. ప్రభుత్వం ఒప్పుకుంది. 1970లో సిడ్కో అనే సంస్థ ఏర్పడింది. కొరియా 1974 దాకా దాని ముఖ్య వాస్తుశిల్పి. అలా పుట్టినదే నవీ ముంబయి.

అయితే ఆ ఆలోచనకు ప్రాణం ఉద్యోగాలు అవతలికి తరలడంలో ఉంది. సచివాలయం కదలలేదు. పైగా సముద్రాన్ని పూడ్చిన నారిమన్ పాయింటులో ఆఫీసు మేడలు వరసగా లేచాయి. లోకల్ రైలు పాయ దాటి వాశి చేరడానికే 1992 వచ్చింది. కలవారికి గీసిన మేడ గీసినట్టే లేచింది, అందరికీ గీసిన ఊరు మాత్రం ఆలస్యంగా, సగం సగంగా లేచింది. ఇందులో కుట్ర ఏమీ వెతకనక్కరలేదు. మేడకు డబ్బు పెట్టేవాళ్లు ముందే ఉన్నారు. ఊరికి మాత్రం ప్రతి ప్రభుత్వమూ కొత్తగా మనసు పెట్టాలి.

పేదవాళ్లకు మేడలు కట్టాలన్న వాదాన్ని కొరియా ఒప్పుకోలేదన్న విషయం ఇక్కడ చెప్పాలి. లిఫ్టు, నీటి పంపు, కాంక్రీటు, వీటన్నిటి ఖర్చూ ఎత్తుతో పాటు పెరుగుతుంది. వాటిని భరించగలవాడికే ఎత్తు. తక్కువ రాబడి ఉన్నవాడికి కావలసింది కాస్త నేల, కాస్త ఆకాశం, చేతికి డబ్బు వచ్చినప్పుడు ఇంకో గది వేసుకునే వీలు. అది మాటలతో వదిలేయకుండా నవీ ముంబయిలోని బేలాపూర్‌లో 1983-86 మధ్య కట్టి చూపించాడు. ఏడేసి ఇళ్లు, మధ్యలో 8 మీటర్ల చదరం ముంగిలి. అలాంటి గుంపులు మూడు కలిస్తే ఇంకొంచెం పెద్ద ముంగిలి. ఏ ఇంటి గోడా పక్కింటివాడితో ఉమ్మడి కాదు, కనుక ఎవరికి వారు పెంచుకోవచ్చు. నిజంగానే పెంచుకున్నారు. డబ్బున్నవాళ్లు వచ్చి కొన్ని ఇళ్లు కూల్చి రెండు మూడంతస్తుల స్లాబు మేడలు కూడా వేసుకున్నారు. వాస్తుశిల్పి గీత చెరిగిపోయిందని బాధపడేవారున్నారు. నాకైతే ఇల్లు పెరగడానికే గీసిన గీత కాబట్టి అది పెద్ద నష్టంగా తోచదు.

మిల్లుల నేల సంగతి వేరు. సమ్మె తర్వాత మూతపడ్డ మిల్లుల స్థలాలు వందల ఎకరాలు. అమ్మకానికి వచ్చిన నేలలో ఒక వంతు ఖాళీ జాగాకు, ఒక వంతు సామాన్యుల ఇళ్లకు, ఒక వంతు యజమానికి అని 1991 నిబంధన. 1996లో ఆ నేలను కలిపి ఎలా వాడాలో చెప్పమని ప్రభుత్వం కొరియా అధ్యక్షతనే ఒక కమిటీ వేసింది. 2001లో నిబంధన మారింది. మిల్లు షెడ్డు కింది నేల ఆ పంపకంలోకి రాదు, అప్పటికే ఖాళీగా ఉన్న జాగాలోనే వంతులు అన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. శ్రీనివాస మిల్లు ఉండిన నేల మీద ఇప్పుడు వరల్డ్ వన్ అనే నివాస హర్మ్యం ఉంది. ఎత్తు 280 మీటర్లు. మగ్గాల మోత విన్న చోట లిఫ్టుల వేగం గురించి ప్రకటనలు వచ్చాయి.

కొత్త హర్మ్యాల్లో వసారా జాడ అరుదు. నేల నుంచి కప్పు దాకా అద్దం. అద్దం వెలుతురుతో పాటు వేడిని కూడా లోపలికి రానిస్తుంది, పోనివ్వదు. ఆ వేడిని రోజంతా ఏసీ యంత్రాలు బయటికి తోడాలి. ఆ తోడిన వేడి వీధిలోకి వస్తుంది, వీధిలో నడిచేవాడికి తగులుతుంది. కంబాలా హిల్ మీదనే, ఆల్టమౌంట్ రోడ్డులో, 2010లో ఇంకో నివాస హర్మ్యం పూర్తయింది. అంతస్తులు 27, ఎత్తు 173 మీటర్లు, అందులో నివాసం ఒకే కుటుంబం. 28 అంతస్తుల్లో 32 కుటుంబాలు ఉన్న 84 మీటర్ల మేడ ఒకనాడు మహా విలాసమని పేరు తెచ్చుకుంది.

కొరియా 2015 జూన్ 16న ముంబయిలో కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందు, 2013లో, తన చిత్తుపటాలూ నమూనాలూ లండన్‌లోని బ్రిటిష్ వాస్తుశిల్పుల రాయల్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించారు. కాంచన్‌జంగా ఎవరి సొంత ఇళ్లు వారివి కనుక లోపలికి పోయి చూసే వీలు లేదు. పెడ్డర్ రోడ్డు వైపు పోయేవారు తలెత్తితే మూలల్లోని వసారాలు మాత్రం కనిపిస్తాయి. బేలాపూర్ ఇళ్లకు అడ్డేమీ లేదు. హార్బర్ లైను రైలెక్కి సీబీడీ బేలాపూర్ స్టేషనులో దిగి, ఆర్టిస్ట్స్ విలేజ్ అంటే ఆటోవాడు ఎవడైనా తీసుకుపోతాడు.